మబ్బులోంచి చెయ్యి

గూడూరు అల్లాబక్షు మేస్త్రి చనిపోయి ఏడాదిన్నర దాటింది. ఆయన గురించి రాయడానికి నిజానికి నాకు మొహం చెల్లదు. ఆయన చేసిన ఒకే ఒక్క తప్పును నలుగురిలో పెట్టి నిలదీసింది నేను. ఆ తప్పు దిద్దుకుంటానని ఆయన కబురు పెడితే, నోరు మూసుకుని కూర్చుని, దిద్దుకోవడానికి చోటు లేకుండా చేసిందీ నేనే. ఇంకెవరు రాసినా ఈ రెండు సంగతులూ రాయరు, వాళ్లకు తెలియవు కాబట్టి. అందుకని నేనే రాస్తున్నాను.

నా పేరు విజయకుమారి. గవ్వలపాళెంలో గుడి పక్కనున్న బడిలో ముప్పై ఒక్కేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. గుడి అంటే మా చర్చి, మా వాళ్లందరం అలాగే అంటాం. గూడూరు నుంచి తూర్పుగా బస్సులో గంట ప్రయాణం చేస్తే, రొయ్యల గుంటలు దాటాక, సరుగుడు తోపుల వెనక తెల్లగా కనబడుతుంది. వాకిలి సముద్రం వైపు. పొద్దున ఆరున్నర పూజకు ఎండ తిన్నగా లోపలికొచ్చి, ఫాదరు గారు నిలబడే పీఠం వెనక గోడ మీద పడుతుంది. నేను చెప్పబోయేది ఆ గోడ సంగతే.

అల్లాబక్షు వాళ్ల నాయన గూడూరులో అభ్రకం రేకులు చీల్చే పనివాడు. అల్లాబక్షు మాత్రం చిన్నతనంలోనే మొజాయిక్ గచ్చుల పనిలో చేరాడు. ఇప్పటి పిల్లలకు తెలియదు కానీ, ఒకప్పుడు ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ వరండాలో మొజాయిక్ గచ్చు ఉండాల్సిందే, దాని నడుమ ఒక పువ్వు ఉండాల్సిందే. రాతి చిప్స్ సిమెంటులో కలిపి పోసి, ఆరాక నీళ్లు కొడుతూ మిషనుతో రోజుల తరబడి అరగదీస్తే ఆ పువ్వు తేలేది. ఆ మిషను బెల్టులో పడి ఆయన కుడి చేతి చిటికెన వేలు ఒకసారి విరిగింది. కట్టు కట్టినవాడెవడో కానీ సరిగా కట్టలేదు. వేలు బయటికి వంకర తిరిగి అలాగే ఉండిపోయింది. టీ గ్లాసు పట్టుకుంటే అదొక్కటీ పక్కకు తొలగి నిలబడేది. "దానికీ నాకూ మాటల్లేవు టీచరమ్మా, అలిగింది" అనేవాడు.

పువ్వులు, తీగలు, చుక్కలు, ఆయన చెయ్యనిది లేదు, ప్రాణమున్న బొమ్మ తప్ప. అది ఆయన నియమం. సంగం అనే ఊళ్లో ఒక రైతు గడప ముందు రెండు చిలకలు కావాలని అడిగితే, సరేనని తలూపి, రెండు మామిడికాయలు పెట్టి వచ్చాడట. "కాయలుండాయి గదన్నా, చిలకలు అయ్యే వచ్చి వాల్తాయి" అన్నాడట ఆ రైతుతో. ఆ గచ్చు ఇప్పటికీ ఉందనీ, చిలకలు మాత్రం ఇంకా రాలేదనీ తనే చెప్పి నవ్వేవాడు.

తర్వాత ఫ్యాక్టరీ టైల్స్ వచ్చాయి. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి హాలంతా తళతళ. పువ్వులు అడిగేవాళ్లు లేరు. అల్లాబక్షు మిషను ఒక మూలన పడేసి, తన పొట్ట కొట్టిన ఆ టైల్సే అతికించే పనిలోకి దిగాడు. కుర్రవాళ్లకు నేర్పాడు కూడా. పగిలిన ముక్కలు మాత్రం పారెయ్యకుండా రంగుల వారీగా గోతాల్లో దాచేవాడట. ఎందుకని భార్య ముంతాజ్ బేగం అడిగితే, "ఉండనీ" అనేవాడట.

ఆ గోతాలకు పని దొరికింది 2012లో. మా పీఠం వెనక గోడ ఉప్పుగాలికి పెచ్చులూడిపోతుంటే, అప్పటి ఫాదరు రాయప్ప గారు దాని మీద ఏదైనా బొమ్మ చేయించాలనుకున్నారు. ఆయన విదేశాల్లో చదువుకుని వచ్చినవారు. తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకటి నిండా ఫోటోలే. క్రీస్తు తర్వాత నాలుగైదు వందల ఏళ్లకు కట్టిన గుళ్లు, వాటి గోడల మీద, నేల మీద రంగు రాళ్లతో, గాజు ముక్కలతో కూర్చిన బొమ్మలు. చేపలు, రొట్టెల బుట్టలు, నెమళ్లు, ద్రాక్ష తీగలు. ఒక్కో ముక్కా వేలిగోరంత కూడా లేదు. ఆ పుస్తకాన్ని బడి బల్ల మీద పరిచి అల్లాబక్షుకు చూపించారు. నేను అక్కడే ఉన్నాను.

మేస్త్రి ఒక్కో పేజీ మెల్లగా తిప్పి చూశాడు. మొహాలున్న పేజీలు వస్తే మాత్రం చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"మొహాలు నేను ఎయ్యలేను ఫాదరయ్యా. వేరే మనిషిని చూసుకోండి" అన్నాడు చివరికి.

"నిన్ను మొహం ఎవరు వెయ్యమన్నారు? ఇది చూడు" అని ఫాదరు ఇంకో పేజీ తీశారు. నీలం ఆకాశం, తెల్లటి మబ్బులు, ఆ మబ్బుల్లోంచి ఒక చెయ్యి. అంతే. "మొదటి రోజుల్లో మావాళ్లలో చాలామందికి నీకున్న బెరుకే ఉండేది మేస్త్రీ. దేవుడికి మొహం వెయ్యడానికి మనసొప్పక, ఇచ్చే చెయ్యి ఒక్కటీ వేసేవాళ్లు."

అల్లాబక్షు ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టాడు. "ఇదయితే చేస్తా" అన్నాడు.

ఏం చెయ్యాలో తేల్చుకున్నారు. పైన మబ్బు, మబ్బులోంచి రొట్టె అందిస్తున్న చెయ్యి, కింద రొట్టెల బుట్ట, అటొకటి ఇటొకటి చేపలు. మబ్బూ బుట్టా చేపలూ పెద్దవిగా, చెయ్యి మాత్రం మామూలు మనిషి చెయ్యంత. చేపలు కూడా ప్రాణమున్నవే కదా అని మేస్త్రి రెండు రోజులు నాన్చి, వాటికి కళ్లు పెట్టకుండా అయితే చేస్తానని ఒప్పుకున్నాడు.

ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లి భూతద్దం పెట్టి చూశాడట. వారం తర్వాత వచ్చి, నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "జన్మంతా మట్టం చూసుకుని బతికినా టీచరమ్మా. ఒక ముక్క లేస్తే నిద్ర పట్టేది కాదు. ఈ పాతోళ్లు బంగారు ముక్కల్ని కావాలనే వంకరగా పెట్టినారు. ఒకటి పైకి, ఒకటి కిందికి. సమంగా పెడితే ఎలుతురు ఒక్క దెబ్బన కొట్టి పోతాది. వంకరగా పెడితే, మనం నడిచేకొద్దీ ఒక్కో ముక్క మిలమిలా అంటాది." ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన మొహంలో వెలుగు నేనింకా మరిచిపోలేదు. యాభై ఏళ్లు దాటిన మనిషి, తన పనిలో కొత్త సంగతి కనిపెట్టి మురిసిపోతున్నాడు.

మాకు బంగారు గాజు ఎక్కడిది? నాయన నాటి అభ్రకం రేకులు ఇంట్లో ఉన్నాయి. వాటికి పసుపు రంగు పూసి, గాజు ముక్కల వెనక అంటించాడు. పగిలిన టైల్స్ చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించాడు. పని గోడ మీద చెయ్యలేదు, గూడూరులో తన ఇంటి వాకిట్లో చేశాడు. ఆ పద్ధతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మందపాటి కాగితం మీద ముక్కల్ని మైదా బంకతో బోర్లా అతికిస్తారు. రంగు మొహం కాగితం వైపు, మట్టి వీపు మన వైపు. అంతా అయ్యాక ఆ కాగితాన్ని తెచ్చి, వీపులు తడి సిమెంటుకు అతుక్కునేలా గోడకు ఒత్తుతారు. ఆరాక, పైనున్న కాగితాన్ని తడిపి ఒలిచేస్తారు. అప్పుడు కానీ బొమ్మ మొహం కనబడదు. కనబడేటప్పటికి కుడి ఎడమ, ఎడమ కుడి అయి ఉంటుంది. కాబట్టి కాగితం మీద ముందే తిరగేసి గీసుకోవాలి. ముప్పై ఏళ్లకు పైగా పువ్వులూ చుక్కలూ చేసిన మనిషికి ఆ అవసరం ఏనాడూ రాలేదు. పువ్వును తిరగేసినా పువ్వే.

సెప్టెంబరు ఎనిమిది మా మరియమ్మ తల్లి తిరునాళ్ల. రెండు రోజుల ముందు బొమ్మ గోడకెక్కింది. కాగితం ఒలిచాక, మబ్బు అంచున వదిలిపెట్టిన సందుల్లో మేస్త్రి బంగారు ముక్కల్ని ఒక్కొక్కటిగా వంకరగా గుచ్చాడు. గుడి ఊడ్చే ఆదిశేషమ్మ వచ్చి చేపల్ని చూసి మూతి విరిచింది. "కన్ను లేని చేపను ఎవురు కొంటారు మేస్త్రీ?" అంది. "కన్ను నేను పెట్టను, కావాలంటే నువ్వే పెట్టుకో" అని ఆయన పచ్చి సిమెంటు అంటించిన వేలితో చోటు చూపించాడు. ఆవిడ తన నల్లగాజు ఒకటి చిట్లగొట్టి, రెండు ముక్కలు తీసి చేపలకు కళ్లు అద్దింది. ఆయన అటు తిరిగి నిలబడ్డాడు. ఇద్దరి మాటా నెగ్గింది.

తిరునాళ్ల పొద్దున తెర తీశారు. ఎండ వాకిట్లోంచి వచ్చి గోడ మీద పడగానే మబ్బు అంచులన్నీ ఒక్కొక్కటిగా వెలిగాయి. కూర్చున్నవాళ్లు తలలు అటూ ఇటూ కదిపి, ముక్కలు మిలమిలలాడుతుంటే చిన్నపిల్లల్లా చూశారు. మా ఊళ్లో అంత అందమైన వస్తువు అంతకుముందు లేదు, ఇప్పుడూ లేదు.

పూజయ్యాక ఆదిశేషమ్మ మళ్లీ గోడ దగ్గరికి పోయింది. రొట్టె అందుకున్నట్టు తన కుడి చెయ్యి పైకి చాపింది. ఆ చేతిని చూసుకుంది, గోడ మీద చేతిని చూసింది. ఎడమ చెయ్యి చాపి చూసుకుంది.

"విజయమ్మా, ఇట్ట రా" అని నన్ను పిలిచింది. "బొటనేలు ఇటుండాదేందే? సామి ఎడం చేత్తో పెడతా ఉండాడు."

నిజమే. ఒకసారి కనబడ్డాక ఇక కనబడకుండా పోలేదు. అయిదు నిమిషాల్లో గుడంతా పాకింది. పక్క ఊళ్లనుంచి వచ్చినవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు. మన దగ్గర పసిపిల్లాడు ఎడమ చేత్తో బిస్కట్ ఇచ్చినా చెయ్యి మార్చుకుని ఇవ్వమంటాం. అలాంటిది దేవుడు, తన గుడిలో, తన తల్లి తిరునాళ్ల రోజు. నాకు తల కొట్టేసినట్టయింది. కోపం వస్తే నాకు ఒళ్లు తెలియదు, అది నా జబ్బు. మేస్త్రి గుమ్మం బయట చెప్పుల దగ్గర నిలబడి ఉన్నాడు, కొత్త చొక్కా వేసుకుని, ముంతాజ్ బేగాన్ని కూడా వెంటబెట్టుకుని. పోయి అందరి ముందూ అడిగాను.

"ఏం మేస్త్రీ, మీ ఇంటికొచ్చినవాళ్లకు నువ్వు ఎడమ చేత్తో అన్నం పెడతావా?"

ఆయన గోడ వైపు చూశాడు. తన రెండు చేతులూ ముందుకు చాపి, వాటిని మార్చి మార్చి చూసుకున్నాడు. నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ముంతాజ్ బేగం నా వైపు ఒకసారి చూసి, ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. విందు భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయారు.

ఫాదరు రాయప్ప గారు నన్ను పిలిచి మెత్తగానే చీవాట్లు పెట్టారు. "పూజలో నేనిచ్చే రొట్టె, ఆ దివ్యసత్ప్రసాదం నువ్వు ఏ అరచేతిలోకి అందుకుంటావు విజయా? ఎడమ దాంట్లోకే కదా, కుడి చేత్తో తీసుకుని నోట్లో పెట్టుకోవడానికి. ఆ ఎడమ చేతికి లేని దోషం దీనికెక్కడిది?" అన్నారు. మేస్త్రి మర్నాడే వచ్చి, చెయ్యి ఒక్కటీ చెక్కేసి మళ్లీ చేస్తానని బతిమాలితే, ఆయన ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఏటా తిరునాళ్లకు ముందు అల్లాబక్షు వచ్చేవాడు. "ఈ ఏడు దిద్దేదా ఫాదరయ్యా?" అని అడిగేవాడు. "వద్దు మేస్త్రీ, నాకదే ఇష్టం" అనేవారు ఫాదరు. ఇద్దరూ టీ తాగేవారు, మేస్త్రి వెళ్లిపోయేవాడు. అదంతా నాకు ఆటలా కనబడేది. ఆయన గుండెలో అది ముల్లులా ఉండిపోయిందని నాకు తట్టలేదు. నా మాట నేను మరిచిపోయాను కూడా.

ఫాదరు గారికి బదిలీ అయింది, తర్వాత కరోనాలో పోయారు. ఆదిశేషమ్మా ఆ ఏడే పోయింది. మరుసటేడు అల్లాబక్షుకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది. మాట తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసేవాడు. చెయ్యి మాత్రం రాలేదు. వెళ్లి చూసిరావాలని నేను అనుకున్నాను. అనుకోవడంతోనే సరిపోయింది.

2023 వేసవిలో ముంతాజ్ బేగం ఫోన్ చేసింది. "టీచరమ్మా, సాహిరా నాయన చెయ్యి చేస్తా ఉండాడు, గుడి గోడకు." సాహిరా వాళ్ల కూతురు. "ముక్కలు నేను కత్తిరించి ఇస్తా ఉండా, ఎడం చేత్తో ఆయన అతికిస్తా ఉండాడు. తిరునాళ్లకు తెస్తాడంట. కొత్త ఫాదరుకు చెప్పి, గోడ అట్లనే ఉంచమని మీతో చెప్పమన్నాడు."

"సరే, కమిటీలో చెప్తాను" అన్నాను.

గుడి కమిటీకి నేను కార్యదర్శిని. జూలైలో మీటింగు జరిగింది. నా దగ్గర చదువుకున్న అశోక్, రొయ్యల గుంటల మీద బాగా స్థిరపడినవాడు, వాళ్ల నాన్న జ్ఞాపకార్థం పీఠం వెనక గోడకు కొత్త బొమ్మ పెట్టిస్తానన్నాడు. ఫోన్‌లో చూపించాడు. టైల్స్ మీద అచ్చు వేసిన క్రీస్తు, నీలి కళ్లు, వెనక సూర్యోదయం, రెండు చేతులూ సవ్యంగా ఉన్నాయి. "ఎవరికైనా అభ్యంతరమా?" అని కొత్త ఫాదరు అడిగారు. నాకు మేస్త్రి కబురు గుర్తొచ్చింది. గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. ఒక చేత్తో ఆయన ఎప్పటికి పూర్తి చేస్తాడులే అనుకున్నాను. ఏటా ఊళ్లవాళ్లు ఆ ఎడమ చెయ్యి చూపించి నవ్వడం తప్పుతుందని కూడా అనుకున్నాను. తల వంచుకుని మినిట్స్ పుస్తకంలో రాశాను. 'ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.' అక్షరాలు గుండ్రంగా, చక్కగా వచ్చాయి.

ఆగస్టు నెల నడిమికి పని అయిపోయింది. పాత బొమ్మను సుత్తితో గాట్లు పెట్టి, దాని మీదే కొత్త టైల్స్ అంటించారు. ఆ శబ్దం బడి దాకా వినబడింది. నేను తలుపు వేసుకున్నాను. మేస్త్రికి కబురు పెట్టాలని రోజూ అనుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో ఒక పొద్దున గుడి ముందు ఆటో ఆగింది. ముంతాజ్ బేగం ముందు దిగి, ఆయన్ని దింపింది. మనిషి సగమైపోయాడు. ఎడమ చంకలో దుప్పటిలో చుట్టిన పలక లాంటిదేదో ఉంది. వరండాలో నన్ను చూసి నవ్వాడు. చెప్పులు విడిచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి నడిచాడు. ఆపాలనిపించింది కానీ ఏమని ఆపను?

పీఠం ముందు నిలబడి గోడను కింది నుంచి పైకి చూశాడు. ఎండ అప్పటికే లోపలికొచ్చింది. అచ్చు బొమ్మ మీద పడి, ఆయన చెప్పినట్టే ఒక్క దెబ్బన కొట్టి పోతోంది. చంకలోది భార్యకిచ్చి, దగ్గరికి పోయి, టైల్స్ సందుల మీద ఎడమ చేతి వేలు నడిపించాడు. వేళ్ల కణుపులతో తట్టి చెవి ఆనించాడు.

"పని శుభ్రంగా చేసినాడు. ఈ మూల మాత్రం బోలు పలకతా ఉండాది. పెంచలకృష్ణకు చెప్పి మళ్లా అతికించుకోండి, ఉప్పుగాలికి నిలవదు" అన్నాడు.

ఆ టైల్స్ వేసింది పెంచలకృష్ణే. ఆ పేరు నేను చెప్పలేదు. ఆయనకెలా తెలిసిందో ఆ పూట నాకు తట్టలేదు. నా గొడవ నాది.

"నేను కమిటీలో చెప్పాను మేస్త్రీ. వాళ్లు వినలేదు" అన్నాను.

గుళ్లో, పీఠం ముందు నిలబడి, అరవైకి దగ్గరపడిన దాన్ని, బడిలో పిల్లలకు నీతులు చెప్పిన దాన్ని, తేలిగ్గా అనేశాను.

"చెప్పింటారులేమ్మా" అన్నాడు ఆయన.

దుప్పటి విప్పించాడు. లోపల ఒక చెక్క మీద మందపాటి కాగితం, దాని మీద బోర్లా అతికిన ముక్కలు. పైకి కనబడేదంతా మట్టిరంగే. అయిదు వేళ్ల ఆకారం మాత్రం లీలగా తెలుస్తోంది. కుడి చెయ్యి లుంగీ పక్కన వేలాడుతుండగా, ఎడమ చేత్తో దాన్ని ఎత్తి నాకు అందించాడు.

"ఎడం చెయ్యి. ఏమనుకోబాక టీచరమ్మా" అన్నాడు.

ఆ మాట మనం రోజుకు పదిసార్లు అంటాం. బస్సులో చిల్లర ఇస్తూ అంటాం, కూర గిన్నె అందిస్తూ అంటాం. ఆయన కూడా అలవాటుగానే అన్నాడేమో. నాకు మాత్రం పదకొండేళ్ల కిందటి నా ప్రశ్న చెవిలో మోగింది. రెండు చేతులతో అందుకున్నాను. "కూర్చోండి మేస్త్రీ, టీ తాగి వెళ్దురు" అన్నాను. ఆయన్ని అంతవరకూ నువ్వనే అనేదాన్ని. "ఆటో నిలబడుండాది" అని వెళ్లిపోయాడు.

ఫిబ్రవరిలో మళ్లీ పక్షవాతం వచ్చి చనిపోయాడు. నలభయ్యో రోజు అయ్యాక గూడూరు వెళ్లాను. వాకిట్లో గోతాలు అలాగే ఉన్నాయి, ఎరుపు ఒక దాంట్లో, నీలం ఒక దాంట్లో. ముంతాజ్ బేగం చాప వేసింది. కూర్చోకముందే చెప్పేశాను, ఆ రోజు నేను కమిటీలో ఏమీ చెప్పలేదని, గుళ్లో చెప్పింది అబద్ధమని.

"తెలుసమ్మా" అంది ఆవిడ. "పెంచలకృష్ణ ఈయన దగ్గర పని నేర్చుకున్నోడే. పని ఒప్పుకోకముందే వచ్చి అడిగినాడు, మేస్త్రీ, నీ బొమ్మ మీద టైల్స్ ఎయ్యమంటా ఉండారు, ఎయ్యమంటావా వద్దా అని. ఎవురూ అడ్డం చెప్పలేదని అశోక్ అన్నాడంట. ఒప్పుకోరా, ఇంకోడయితే సుత్తి గట్టిగా ఏస్తాడు, నువ్వయితే మెల్లిగా ఏస్తావు అన్నాడు ఈయన."

అంటే నా అబద్ధం అబద్ధమని తెలిసే, ఆయన చెప్పింటారులే అన్నాడు.

"అప్పటికి చెయ్యి సగం కూడా కాలేదు. గోడే లేదంటే ఇంకెందుకు ఈ తిప్పలు అని నేను కోప్పడినా. తప్పు నాది, దిద్దాల్సింది నేను, గోడ ఉండేది లేనిది వాళ్ల సంగతి అన్నాడు. ఆ టీచరమ్మ ఒక మాట అడిగింది, దానికి జవాబు చెప్పకుండా ఎట్ట పొయ్యేది అన్నాడు." నా వైపు తిరిగి, "గోడకు పెట్టినారా అమ్మా?" అని అడిగింది.

"లేదు. బీరువాలో ఉంది."

"అట్లయితే మొహం ఎవురూ చూళ్లేదు. నాకూ చూపీలేదు. గోడ మీద చూద్దువులే అన్నాడు."

ఆ నెల మీటింగులో లేచి నిలబడి అంతా చెప్పాను. ఫోన్ వచ్చిన సంగతి, నేను దాచిన సంగతి, గుళ్లో ఆడిన అబద్ధం, అన్నీ. అశోక్ తల దించుకుని, "ఒక్క మాట చెప్పుంటే నేను పక్క గోడకు వేయించుకునేవాణ్ణి కదా టీచర్" అన్నాడు. అంతే మాట. నేను చెప్పాల్సిందీ ఒక్క మాటే. మంత్రించి ప్రతిష్ఠించిన బొమ్మను ఇక తియ్యడం కుదరదన్నారు. చివరికి బయట కుళాయిల దగ్గర, విందు భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట, గోడ మీద ఒక మూరెడు జాగా ఇచ్చారు.

పెంచలకృష్ణ వచ్చి సిమెంటు పూశాడు. చెక్క మీది కాగితాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి గోడకు ఒత్తాడు. రెండు రోజులు ఆరనిచ్చాక ముంతాజ్ బేగాన్ని పిలిపించాం. తడిగుడ్డతో కాగితాన్ని అద్ది అద్ది నానబెట్టి, "నువ్వు ఒలువు పిన్నీ" అన్నాడు.

ఆవిడ ఒక మూల పట్టుకుని మెల్లగా లాగింది. మొదట మబ్బు అంచు, అభ్రకం మెరుపు. తర్వాత బొటనవేలు, వేళ్లు, నడుమ గుండ్రటి రొట్టె. మనకేసి చాచిన అరచెయ్యి. కుడి చెయ్యి. కాగితం చివరిదాకా వచ్చింది. చిటికెన వేలు మిగతా వేళ్లతో కలవకుండా, బయటికి వంకర తిరిగి ఉంది.

నేను ముంతాజ్ బేగం వైపు చూశాను.

"బొమ్మ గియ్యను ఎడం చేత్తో రాలేదమ్మా ఆయనకు. కుడి చేతిని ఎత్తి కాగితం మీద బోర్లా పెట్టుకున్నాడు. అది కదలదు గదా. దాని చుట్టూ ఎడం చేత్తో గీసుకున్నాడు. అది తిరగబడితే సరిపోతాదిలే అన్నాడు" అంది. కొంగుతో ఆ వంకర వేలు మీదున్న బంక తుడిచింది. తుడిచినా చెయ్యి తియ్యలేదు. అప్పటిదాకా ఆవిడ ఏడవగా నేను చూడలేదు.

మొన్న తిరునాళ్లకు భోజనాలయ్యాక కుళాయిల దగ్గర జనం గుమిగూడారు. కొత్తగా ఊళ్లోకి వచ్చిన ఒకావిడ చెయ్యి కడుక్కుంటూ గోడ చూసి, "వేలు వంకర పోయిందే. చేసినోడెవరో తప్పు చేసినాడు" అని పక్కావిడతో అంది. ఇద్దరూ నవ్వారు.

నేను వంటశాల గుమ్మంలో ఉన్నాను.

"తప్పు కాదమ్మా" అన్నాను. "చేసినాయన చెయ్యే అంత." ఈసారి అందరికీ వినబడేలా అన్నాను.